పితూరీలు జరిగిన దారిలో ఆరు రోజులు, బరంపురం నుంచి మోటు దాకా

మా ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఒక ఇత్తడి బకిల్ ఉంది, బెల్టుది, మా ముత్తాతగారిది. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసులో కానిస్టేబుల్. ఇప్పటి ఒడిశా కొండల్లో ఉన్న పుట్టాసింగిలో డ్యూటీ పడిందంట, చలిజ్వరం పట్టుకుంటే డోలీలో కిందికి దింపుకొచ్చారంట, ఇంతే, ఇంతకి మించి మా నాయనమ్మకి కూడా తెలీదు. చిన్నప్పుడు ఆ బకిల్ పెట్టుకుని పోలీసు ఆట ఆడుకునేవాణ్ణి. పెద్దయ్యాక పాత జిల్లా గెజెటీర్లు చదవడం అలవాటైంది, 1907 నాటి విశాఖపట్నం గెజెటీర్‌లో పుట్టాసింగి పేరు కనపడిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మైదానం మనిషి చేతికి తుపాకీ ఇచ్చి ఆ కొండ మీద ఎందుకు కూర్చోబెట్టారు, ఆ తుపాకీ చాలనప్పుడు వెనకాల పటాలం ఎలా వచ్చేది, ఇదంతా ఆ ఊళ్ళు తిరిగి అర్థం చేసుకోవాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

మొన్న డిసెంబర్లో కుదిరింది. తోడు మా బావగారు, అక్క భర్త, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌గా చేరి హెడ్‌గా రిటైర్ అయ్యారు, ఏజెన్సీ డ్యూటీలు చాలా చేశారు. కారు ఆయనదే, డ్రైవింగ్ ఇద్దరం మార్చుకుంటూ.

మొదటి రోజు: బరంపురం, భంజనగర్

తెల్లారగట్ల శ్రీకాకుళంలో బయల్దేరి ఇచ్ఛాపురం దాటి బరంపురం చేరేసరికి టిఫిన్ టైమ్. బరంపురం బజారులో తెలుగు వినపడుతూనే ఉంటుంది, బోర్డులు ఒడియాలో, బేరాలు తెలుగులో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్స్ అయ్యేదాకా ఇటు గంజాం, అటు కోరాపుట్ వైపు అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా, అందుకే ఈ కొండల గొడవలన్నీ మద్రాసు కాగితాల్లోనే దొరుకుతాయి.

జైలు గోడ పక్కనుంచి వెళ్తున్నప్పుడు బావగారు కారు స్లో చేశారు. 1943 మార్చి 29న గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ని ఉరితీసింది ఇక్కడే. ఆయన ఊరి వైపు అయిదో రోజు వెళ్ళాలి, అందుకని గోడ చూసి ముందుకి పోయాం.

భంజనగర్‌కి ఇదివరకు పేరు రసెల్‌కొండ. దొర పేరుకి మన తెలుగు కొండ తగిలించారు, ఒడియా ఊళ్ళో. ఎవరీ రసెల్ అంటే, 1832లో విశాఖపట్నం, పర్లాకిమిడి జమీందారీల్లో గొడవలు ముదిరితే మద్రాసు ప్రభుత్వం పంపించిన రెవెన్యూ బోర్డు మెంబరు జార్జ్ రసెల్. స్పెషల్ కమిషనర్ అని పేరు, చేతికింద సైన్యం, అవసరమైతే మార్షల్ లా పెట్టే అధికారం. ఇటువైపు ఘుమ్సూర్ రాజు ధనంజయ భంజ పేష్కష్ (కంపెనీకి కట్టే కప్పం) బకాయి పడ్డాడు, పటాలం వస్తే కోంధులనే గిరిజనుల కొండల్లోకి వెళ్ళిపోయాడు, 1835 ఆఖర్లో అక్కడే చనిపోయాడు. అప్పటిదాకా అది కంపెనీకీ ఒక రాజుకీ మధ్య డబ్బు గొడవ. చనిపోయే ముందు రాజు తన వాళ్ళని కాపాడమని కోంధుల దగ్గర మాట తీసుకున్నాడు, వాళ్ళు ఆ మాట మీద నిలబడ్డారు, దాంతో గొడవ కాస్తా పటాలానికీ కొండ మనుషులకీ మధ్య యుద్ధం అయిపోయింది. ఆ కొండల్లోని ఉదయగిరి ఘాట్‌లో ఇద్దరు తెల్ల ఆఫీసర్లు, పదమూడు మంది సిపాయిలు చనిపోయారు. దానికి బదులుగా ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టారు, చెట్లకి ఉరి తీశారు. కోంధుల తరఫున నిలబడ్డ నాయకుడు, దొర బిసోయి అని పేరు, ఆయన్ని 1837లో పట్టుకుని గుత్తిలో ఖైదు చేశారు, అక్కడే 1846లో చనిపోయాడు. మన అనంతపురం జిల్లా గుత్తి! ఈ చలి కొండల మనిషి ఆ ఎండ రాళ్ళ మధ్య తొమ్మిదేళ్ళు ఎలా గడిపాడో అని నాకు గుండె బరువెక్కింది.

రసెల్ వెళ్తూ వెళ్తూ ఒక సలహా ఇచ్చాడు, ఈ కొండ ప్రాంతాలకి మామూలు చట్టాలు పనికిరావు అని. దాన్నిబట్టే 1839లో 24వ నంబరు యాక్ట్ వచ్చింది. గంజాం, విశాఖపట్నం కలెక్టర్లు ఈ కొండలకి గవర్నర్ ఏజెంట్లు అయ్యారు. జడ్జీ ఆయనే, పోలీసు ఆయనే, శిస్తు ఆయనే, పటాలాన్ని రమ్మని కబురు పెట్టేదీ ఆయనే. మనం ఇప్పటికీ రోజూ అనే "ఏజెన్సీ" అన్న మాట ఆ ఏజెంటు దగ్గర నుంచి వచ్చిందే. ఏజెన్సీ ఏరియా, ఏజెన్సీ డీఎస్సీ, ఏజెన్సీ జ్వరాలు అంటాం గానీ ఎవరి ఏజెంటు అని ఎప్పుడూ అడగలేదు నేను.

సాయంత్రం చెరువు గట్టు మీద కాసేపు కూర్చుని రాత్రికి బరంపురం వచ్చేశాం.

రెండో రోజు: పర్లాకిమిడి

దారిలో పెద్దగా ఏం లేదు, జీడి తోటలు, కోతలైపోయిన పొలాలు. మధ్యాహ్నానికి పర్లాకిమిడి. మా అత్తయ్యగారి వైపు చుట్టం ఒకాయన ఉన్నారు, మాస్టారుగా రిటైర్ అయ్యారు, ఎనభై దాటినా మాట ఖంగుమంటుంది. భోజనం పెట్టించి అరుగు మీద కూర్చోబెట్టి "ఏటి బాబూ, సెలవలకి అందరూ అరకు ఎల్తారు, మీరేటి పోలీసు ఠాణాలు చూడ్డానికి బయల్దేరినారు" అన్నారు. బకిల్ తీసి చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

ఆయన చెప్పిన సంగతి ఒకటి నన్ను పట్టుకు వదల్లేదు. "సిబ్బంది అంటావు కదా బాబూ, ఆఫీసు సిబ్బంది, ఆస్పత్రి సిబ్బంది అని. ఆ మాట మొదట ఏటనుకున్నావు? తుపాకీ పట్టినోడు." నిజమే, తర్వాత నేనూ వెతికి చూశాను. పారసీలో సె-బందీ, మూణ్ణెల్లకోసారి జీతం ఇచ్చి పెట్టుకునే మనుషులు అని అర్థం చెప్తారు. శిస్తు వసూళ్ళకీ ఠాణా కాపలాకీ పెట్టుకున్న సగం సిపాయిలు వాళ్ళు. రెగ్యులర్ పటాలం కొండెక్కితే జ్వరాలతో పడిపోయేది, పైగా ఖర్చు, అందుకని ఇక్కడ మనుషుల్నే తీసుకుని యూనిఫాం వేసి సిబ్బంది దళాలు కట్టారు. సైన్యం కాదు, అలాగని పోలీసూ కాదు. నేను ముప్పై ఏళ్ళుగా ఆఫీసు కాగితాల మీద రాస్తున్న మాట అది.

ఆయనే ఇంకోటి కూడా అన్నారు, "మరి పితూరీ అంటే?" మనకి పితూరీ అంటే ఒకళ్ళ మీద ఇంకొకళ్ళకి చెప్పడం, చాడీ. ఏజెన్సీలో పితూరీ అంటే తిరుగుబాటు, ఇంగ్లీషు వాళ్ళ రిపోర్టుల్లో కూడా అదే మాట, ఫితూరీ. ముఠా కూడా అంతే, ఇప్పుడు దొంగల ముఠా, అప్పుడు కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా, దానికో ముఠాదారు. ఆ ముఠాదారే తన ఊళ్ళలో శాంతి చూసుకోవాలి, సర్కారు మనుషులకి సాయం చెయ్యాలి. పర్లాకిమిడి వైపు ఆ పని బిసోయిలది. కొండ దారులు కాపలా కాయడం, సవరలు కిందికి దిగి దోచుకోకుండా చూడడం, దానికి బదులు భూములు అనుభవించడం. అంటే పోలీసు స్టేషన్ రాకముందు ఇక్కడ కాపలా లేదు అనుకుంటే తప్పు. కాపలా ఉంది, కాకపోతే ఆ కాపలాదారు కొండ మనిషికి ముఖం తెలిసినవాడు. మంచివాడని కాదు, వాళ్ళ దోపిడీ వాళ్ళదీ ఉంది, కానీ వాడి తాత పేరు కూడా సవరలకి తెలుసు. మా ముత్తాత పేరు ఎవరికి తెలుసు అక్కడ?

మూడో రోజు: గుణుపురం, పుట్టాసింగి

ఈ రోజు కోసమే ఈ ట్రిప్ అంతా. పొద్దున్నే పర్లాకిమిడి నుంచి గుణుపురం, పక్కనే రైలు పట్టాలు కొంతదూరం కనపడతాయి. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మొదలైంది, 1931కి గుణుపురం దాకా వచ్చింది, ఇప్పుడది బ్రాడ్‌గేజ్. గుణుపురంలో ఇడ్లీ తిన్నాం, హోటలావిడ తెలుగే, పుట్టాసింగి అనగానే "పైన చలి బాబూ, స్వెట్టర్ ఉందా" అని అడిగింది.

గుణుపురం దాటి కొండెక్కుతుంటే పల్చగా మంచు, వాలు మీద మెట్లు మెట్లుగా పొలాలు. రాళ్ళు పేర్చి గట్లు కట్టారు, సిమెంటు లేదు ఏం లేదు, కొన్ని గోడలు నా ఎత్తుకి మించి ఉన్నాయి, నీళ్ళు పై మడి నుంచి కింది మడికి చిన్న సందులోంచి జారుతున్నాయి. ఇంత పని చేతనైన వాళ్ళని "అనాగరికులు" అని ఎలా రాశారో ఆ దొరలు.

1864లో ఇక్కడ ఏమైందంటే, పుట్టాసింగి పోలీసులు ఒక సవర పెద్దని, గొమాంగో అంటారు, పద్ధతి ప్రకారం కాకుండా అరెస్టు చేశారు. ఇది సవరలు చెప్పిన మాట కాదు, గెజెటీరే ఒప్పుకున్న మాట, ఆ అరెస్టు తప్పు అని. సవరలు వచ్చి పెద్దని విడిపించుకుపోయారు, ఇన్‌స్పెక్టర్‌నీ నలుగురు కానిస్టేబుళ్ళనీ చంపేశారు, స్టేషన్ తగలబెట్టేశారు. అప్పుడు ప్రభుత్వం ఈ కొండలకి జమీందారైన జయపురం రాజాని సాయం అడిగింది. ఇరవై నాలుగు మందిని పట్టుకున్నారు. తొమ్మిది మందికి ద్వీపాంతరం, అయిదుగురికి ఉరి. ఆ ఉరి కూడా ఎక్కడ, పుట్టాసింగి ఘాట్ కింద జల్తేరులో, కొండ దిగే ప్రతివాడికీ తెలిసేలా. రాజావారికి ఒక రైఫిలు, ఇంకొన్ని కానుకలు. అయినా చల్లారలేదు, మరుసటేడు కొండ మీద పోస్టు పెట్టడానికి పోలీసు దళం వెళ్తే వాళ్ళ మీదా దాడి జరిగింది, ఆఖరికి 1866 జనవరికి గానీ పుట్టాసింగిలో గట్టి పోస్టు నిలబడలేదు. మా ముత్తాత నలభై ఏళ్ళ తర్వాత కాపలా కాసింది ఆ పోస్టునే.

వరస చూడండి. ముందు పోలీసులు చేసిన తప్పు. తర్వాత ఊరి కోపం. తర్వాత పెద్ద బలగం, ఉరికొయ్య. ఆ తర్వాత పర్మనెంటు పోస్టు. మొదటి తప్పు చేసినవాడి సంగతి ఏమైందో మాత్రం ఎక్కడా ఒక్క లైన్ ఉండదు. నేను ఆరు రోజులూ ఏ ఊరు వెళ్ళినా ఇదే వరస కనపడింది, పేర్లూ తేదీలూ మారాయంతే.

పుట్టాసింగిలో పాత పోస్టు ఎక్కడుండేదో చూపించే బోర్డేమీ మాకు కనపడలేదు. ఇప్పుడు రోడ్డు, స్కూలు, హాస్టలు, కిరాణా షాపులు. ఒక వీధిలో ఎర్రమట్టి గోడ మీద తెల్లటి సవర బొమ్మలున్నాయి, గీతల్లాంటి మనుషులు, ఏనుగు, చెట్టు, ఒక చోట గుర్రం మీద మనిషి. ఆ ఇంటి పెద్దాయన ఎండలో కూర్చుని చీపురు కడుతున్నాడు. బావగారికి ఒడియా వచ్చు, ఆయనకి తెలుగు కొంచెం వచ్చు, మధ్యలో అలా మాటలు నడిచాయి. ఎందుకొచ్చారు అంటే బకిల్ ఇచ్చాను.

ఆయన చీపురు పక్కన పెట్టి అది అరచేతిలో పెట్టుకున్నాడు. తిప్పాడు. వెనక వైపు బెల్టు దూర్చే కొక్కెం దగ్గర వేలు పెట్టి చూశాడు, బొటనవేలితో ముందువైపు రుద్దాడు, బరువు చూస్తున్నట్టు ఒకసారి పైకి కిందికి ఊపాడు. ఎవరిది అన్నాడు. మా తాతగారి నాన్నది, ఇక్కడే పోలీసు అని చెప్పాను. కాసేపు ఏం అనలేదు. తర్వాత ఒడియాలో ఏదో అన్నాడు, బావగారు చెప్పారు నాకు: "బెల్టు కనపడితే మా తాతలు గిన్నెలు కూడా వదిలేసి అడవిలోకి వెళ్ళిపోయేవాళ్ళంట." కోపంగా ఏం అనలేదు ఆయన, వానలు లేటయ్యాయి అన్నట్టే అన్నాడు. బకిల్ రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. నాకు క్షమించమని అడగాలనిపించింది, మా ముత్తాత ఏం చేశాడో చెయ్యలేదో నాకే తెలియనప్పుడు దేనికని అడగాలి, నోరు పెగల్లేదు. ఆయన భార్య చోడి అంబలి తెచ్చింది స్టీలు గ్లాసుల్లో, వేడిగా, అది తాగి వచ్చేశాం.

దిగేటప్పుడు బావగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. గుణుపురం లైట్లు కనపడ్డాక, "బామ్మర్దీ, నేనూ ఇలాంటి ఊళ్ళలో చేశాను కదా, మేం జీపు దిగితే కుక్కలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అప్పట్లో వీళ్ళకి భయమెందుకో నాకు అర్థమయ్యేది కాదు" అన్నారు.

నాలుగో రోజు: రాయగడ, కోరాపుట్, జయపురం

ఎక్కువ డ్రైవింగే. రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం, తర్వాత 326 నంబరు హైవే, లక్ష్మీపూర్ ఘాట్ రోడ్డు, కోరాపుట్‌లో టీ, చీకటి పడేసరికి జయపురం.

ఈ జయపురం జమీందారీ చాలా పెద్దది, పేరుకి విశాఖపట్నం జిల్లాలో ఉన్నా 1863 దాకా ఇంగ్లీషు సర్కారు మనుషులు పెద్దగా లోపలికి రాలేదు. ఆ ఏడాది జనవరిలో లెఫ్టినెంట్ స్మిత్ అనే ఆఫీసర్ని అసిస్టెంట్ ఏజెంటుగా ఇక్కడ పెట్టారు, ఆయనతోనే కొత్త పోలీసూ వచ్చింది. పుట్టాసింగి గొడవ ఆ మరుసటేడే జరిగిందంటే ఆలోచించండి, స్టేషన్ వాసన కూడా ఆరకముందే.

కొత్త పోలీసు అంటే మద్రాసులో 1859లో 24వ యాక్ట్‌తో పెట్టింది. మిగతా దేశానికి 1860లో కమిషన్ వేసి 1861లో చట్టం చేశారు. ఆ కమిషన్ ఉద్దేశం ఒకటి చాలా స్పష్టంగా ఉంది, పోలీసు పనుల నుంచి సైన్యాన్ని తప్పించడం. 1857 తర్వాత సిపాయిల మీద నమ్మకం పోయింది, ఖర్చు తగ్గాలి, సైన్యం సైన్యంలా ఉండాలి, ఊరి శాంతి పోలీసు చూసుకోవాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ కొండల్లో ఒక స్టేషన్‌కి పదిమందో పదిహేను మందో, చుట్టూ వంద ఊళ్ళు, భాష రాదు, నీళ్ళు పడవు. అలాంటి స్టేషన్ తన బలంతో నిలబడదు, వెనక పటాలం వస్తుందన్న భయంతో నిలబడుతుంది. ఆ భయం తగ్గిన రోజున పటాలం నిజంగానే రావాలి.

రాత్రి లాడ్జిలో బావగారు ఆ పద్ధతి వివరంగా చెప్పారు. మిలిటరీ తనంతట తాను రాదు. మేజిస్ట్రేట్ రమ్మనాలి. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 128వ సెక్షన్ ప్రకారం గుంపుని ముందు పోలీసులు చెదరగొట్టాలి, చేతకాకపోతే 129 కింద మేజిస్ట్రేట్ సైన్యాన్ని వాడొచ్చు, 130లో ఆ సైనిక ఆఫీసర్ ఏం చెయ్యాలో ఉంది: మేజిస్ట్రేట్ చెప్పింది చెయ్యాలి, ఎలా చెయ్యాలో తను తేల్చుకోవాలి, వీలైనంత తక్కువ బలం, మనిషికీ ఆస్తికీ వీలైనంత తక్కువ నష్టం. 132లో వాళ్ళ మీద కేసు పెట్టాలంటే ప్రభుత్వం పర్మిషన్. "ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది కదా, దాన్లో 148 నుంచి 151 దాకా అదే సరుకు" అన్నారు. నిజమే, 2023లో మార్చింది నంబర్లు, ఎముకలు అవే.

ఆయన మాట్లాడుతూనే కింద హోటల్ నుంచి చింతపండు అడిగి తెచ్చి బకిల్ తోమడం మొదలెట్టారు. ముప్పై ఏళ్ళు రోజూ బకిల్ తోమిన చెయ్యి, గుడ్డ ముక్క చుట్టి ఒకే వైపు రుద్దుతున్నారు, పచ్చటి చిలుము నురగలా దిగింది. అరగంటకి పోలీసు అన్న ఇంగ్లీషు అక్షరాలు సగం సగం తేలాయి, కింద నంబరు చోట ఒక 4 మాత్రం. మిగతా అంకెలు అరిగిపోయాయి. ఆయనకది నచ్చలేదు, ఇంకో పావుగంట రుద్దారు. 4 ఒక్కటే.

అయిదో రోజు: బొయిపారిగుడ, మాథిలి, మల్కన్‌గిరి

బొయిపారిగుడ వైపు లక్ష్మణ్ నాయక్ ఊరు తెంతులిగుమ్మ. అడవి పల్చబడిపోయింది గానీ సాల చెట్లు అక్కడక్కడ గుంపులుగా ఉన్నాయి. గోవిందపల్లి దగ్గర పక్కకి తిరిగి మాథిలి వెళ్ళాం.

1942 ఆగస్టు 21న లక్ష్మణ్ నాయక్ ముందు నడుస్తూ జనాన్ని మాథిలి పోలీసు స్టేషన్ దగ్గరికి తీసుకొచ్చాడు. పోలీసులు కాల్చారు, జనం చనిపోయారు. అదే రోజు ఒక ఫారెస్ట్ గార్డు కూడా చనిపోయాడు, ఆ హత్య లక్ష్మణ్ నాయక్ మీద పెట్టారు, ఏడు నెలలకి బరంపురంలో ఉరి. మూడు రోజుల తర్వాత నవరంగపూర్ వైపు పాపడాహండిలో ఇంకో కాల్పులు, అక్కడ పంతొమ్మిది మంది. ఒకే వారంలో ఒకే జిల్లాలో. ఇక్కడ పటాలం రావాల్సిన పని కూడా పడలేదు. 1864లో అయిదుగురిని పోగొట్టుకుని చేతులెత్తేసిన పోలీసు 1942కి తనే పటాలం పని చేసేంత బలం పుంజుకుంది. నేను తెలుసుకోవాలని వచ్చింది ఇదే, ఈ ఎనభై ఏళ్ళలో పోలీసులోకి సైన్యం ఎలా ఎక్కింది అని.

మాథిలిలో ఆయన విగ్రహానికి దండం పెట్టుకుని మల్కన్‌గిరి దారి పట్టాం. మధ్యలో చెక్‌పోస్టు, బీఎస్‌ఎఫ్ కుర్రాళ్ళు, డిక్కీ తెరిపించి చూశారు, మర్యాదగానే మాట్లాడారు. అందులో ఒక అబ్బాయి తెలుగే, విజయనగరం వైపు, బావగారు ఏఆర్ అని తెలిసి సెల్యూట్ కొట్టాడు, పండక్కి సెలవు దొరుకుతుందో లేదో అన్నాడు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే సిగ్నల్ కోసం గట్టెక్కాలంట. మా ముత్తాత ఉత్తరాలు రాసేవాడా, ఎవరు చదివి పెట్టేవారు, అని ఒక ఆలోచన వచ్చి పోయింది.

బీఎస్‌ఎఫ్ లాంటిదే ఇంకో కేంద్ర దళం, సీఆర్‌పీఎఫ్ సంగతి కూడా చెప్పాలి ఇక్కడ. అది పుట్టింది 1939 జులై 27న నీమచ్‌లో, అప్పటి పేరు క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్, సంస్థానాల్లో గొడవలైతే రాజుల పోలీసుకి సాయం వెళ్ళడానికి పెట్టిన దళం. స్వతంత్రం వచ్చాక 1949 డిసెంబర్లో చట్టం చేసి పేరు మార్చారు. అందులో చేసే పిల్లలు మన పిల్లలే, వాళ్ళని ఏమీ అనను.

ఆరో రోజు: మోటు

మల్కన్‌గిరి నుంచి కలిమెల మీదుగా మోటు. రోడ్డు చివర్లో కొండలు ఒక్కసారి తగ్గిపోయి ఇసుక, నీళ్ళు. శబరి ఒక పక్క, సీలేరు ఒక పక్క, ఇక్కడ కలుస్తాయి. అవతల ఛత్తీస్‌గఢ్, ఇటు కిందికి మన చింతూరు. నది ఒడ్డున తెలుగు, కోయ, ఒడియా, హిందీ నాలుగూ వినపడ్డాయి పది నిమిషాల్లో.

1879 మార్చిలో రంపలో పితూరీ మొదలైంది. కల్లు మీద పన్ను, మన్సబుదారు (రంప జమీందారు) వసూళ్ళు, పోలీసుల లంచాలు, మైదానం వర్తకులు కోర్టుల్లో కేసులు వేసి పశువుల్ని పట్టుకుపోవడం. ఏప్రిల్‌కి గొలుగొండ కొండలు, జులైకి ఈ కింద ఉన్న రేకపల్లి. రేకపల్లి తాలూకా 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది, మద్రాసులో కలిపాక పోడు మీద పన్ను మూడింతలు చేశారు, కొన్ని అడవుల్లోకి రావద్దన్నారు, ఇక వాళ్ళు ఊరుకుంటారా. పక్క జిల్లాల నుంచి వందల మంది పోలీసులు వచ్చారు, సరిపోలేదు. తర్వాత ఆరు మద్రాసు ఇన్‌ఫెంట్రీ రెజిమెంట్లు, ఒక అశ్విక దళం, రెండు కంపెనీల సాపర్లు (దారులు, వంతెనలు వేసే సైనికులు), పైన హైదరాబాదు కంటింజెంటు అనే దళం. కల్లు పన్ను మీద కోపం వచ్చిన కొండ మనుషుల మీదికి! 1880లో అది ఈ మల్కన్‌గిరి దాకా పాకింది, ఇక్కడి కోయ నాయకుడు తమ్మన్న దొరని పోలీసులు అదే ఏడాది కాల్చి చంపారు.

1922లో మళ్ళీ అదే కొండలు, ఈ సీలేరు అవతల గూడెం వైపు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, అల్లూరి సీతారామరాజు తీసుకెళ్ళింది తుపాకులూ తూటాలూ. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో కవర్డ్, హైటర్ అని ఇద్దరు ఆఫీసర్లు చనిపోయారు. ఈసారి మద్రాసు ప్రభుత్వం నేరుగా సైన్యాన్ని అడగకుండా మలబార్ స్పెషల్ పోలీస్‌ని దించింది. అది ముందు ఏడాది, 1921లో, మలబారులో మాప్పిళ్ళ తిరుగుబాటుని అణచడానికి కట్టిన దళం. పేరు పోలీసు, డ్రిల్లు సిపాయిది. అదీ చాలక 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్, కొండ అడవుల్లో యుద్ధానికే తయారైనవాళ్ళు, పైన ఆర్మీ ఆఫీసర్లు. ఏప్రిల్‌లో స్పెషల్ కమిషనర్‌గా రూథర్‌ఫోర్డ్. తొంభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఒక స్పెషల్ కమిషనర్! మే 7న కొయ్యూరులో సీతారామరాజుని కాల్చేశారు, జూన్‌లో ఆయన అనుచరుడు గాం గంటందొరని. ఇంకో అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ జైలుకి వెళ్ళి తిరిగొచ్చి 1952లో విశాఖ నుంచి పార్లమెంటుకి గెలిచాడు, అది తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమ్మగిల్లుతాయి.

బావగారు నీళ్ళలోకి దిగి మొహం కడుక్కుని వచ్చారు. ఆయన చేసిన కూంబింగులు ఆ అవతల కొండల్లోనే, వేలు పెట్టి చూపించారు, అదిగో ఆ మడత వెనక, ఆ పక్కన, 98లో అక్కడ పదిహేను రోజులు. జ్వరం వచ్చి మోసుకొచ్చారంట ఆయన్ని కూడా. ఇన్నేళ్ళలో మా అక్కకి కూడా చెప్పలేదు ఆ సంగతి. "డోలీ కాదులే, దుప్పట్లో" అన్నారు.

బకిల్ నా జేబులోనే ఉంది. నదిలో వదిలేద్దామా అని ఒక క్షణం అనిపించి ఆయనతో అన్నాను. "ఎందుకు, ఇంట్లో పెట్టు, పిల్లలు అడుగుతారు కదా, అప్పుడు పుట్టాసింగి పెద్దాయన అన్న మాట కూడా చెప్పు" అన్నారు. సరేనన్నాను. మధ్యాహ్నం రెండింటికి చింతూరు దాటాం, మారేడుమిల్లి ఘాట్‌లో చీకటి పడకుండా దిగాలని ఆయనే స్టీరింగ్ తీసుకున్నారు.